మూడో గదిలో వాసన రాని డబ్బా

“ఇంకా గంటా యాభై నిమిషాలుంది,” అన్నారు పెద్దాయన గడియారం వైపు చూడకుండానే.

మేస్త్రీ కుర్చీలో కూర్చోలేదు. కూర్చుంటే లేవడానికి మోకాలు ఒప్పుకోదు. ఇరవై రెండేళ్ల గూఢచారి సర్వీసులో అతనికి మిగిలినవి రెండే: ఆ మోకాలు, ఈ కోడ్ నేమ్. ఎన్నో మిషన్లలో పైపులు బాగుచేసేవాడి వేషం వేశాడు. చివరికి పెళ్లాం కూడా అలాగే పిలవడం మొదలుపెట్టింది.

పెద్దాయన బ్రీఫింగులన్నీ ఒక్క తీరుగానే సాగుతాయి. బల్ల మీద ఫోటోలు పరుస్తారు, కళ్లజోడు తీస్తారు, దేశం అన్న మాట రెండుసార్లు వాడతారు, తర్వాత అసలు సంగతికి వస్తారు. ఆ రోజు అసలు సంగతి విదేశీ వ్యవహారాల బిల్డింగు నాలుగో అంతస్తులో ఉంది. అక్కడ రహస్య సందేశాలకు కోడ్ కట్టే గుమస్తా ఒకమ్మాయి పనిచేస్తోంది. ఎనిమిది రోజుల కిందట ఆమె టేబుల్ మీద ఒక కవరు కనిపించింది. లోపల ఒక ఫోటో ఉంది. అది ఆ అంతస్తు లేడీస్ బాత్రూమ్‌లో, పైనుంచి తీసింది. కింద రెండు లైన్లు టైపు చేసి ఉన్నాయి. బుధవారం సాయంత్రం నాలుగింటిలోపు ఆ సందేశాలు విప్పే కోడ్ కీ మూడో గదిలో ఫ్లష్ ట్యాంకు వెనక పెట్టాలి. పెట్టకపోతే ఫోటో కాదు, వీడియోనే ఆమె ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ వెళ్తుంది. నాన్న నంబరు, పిన్ని నంబరు, వచ్చే నెల ఎవరిని పెళ్లి చేసుకోబోతోందో అతని నంబరు, అందరివీ.

ఇలాంటి కవరు అందుకున్నవాళ్లలో నూటికి తొంభైమంది అడిగింది ఇచ్చేస్తారు. ఈ అమ్మాయి మర్నాడు పొద్దున్నే వచ్చి కవరు పెద్దాయన బల్ల మీద పెట్టింది. ఏడవలేదట. “వీడియో బయటికి పోకుండా చూడండి సార్, మిగతాది మీరెలా చెబితే అలా చేస్తాను,” అందట. పెద్దాయన చూస్తామన్నారట.

ప్లాను సులభంగానే ఉంది. అమ్మాయి దొంగ కీ పెడుతుంది. దాన్ని తీసుకునేది, అటు కవరు పంపిన ముఠాకీ ఇటు మనకీ పనిచేసే డబుల్ ఏజెంటే. కింద కారులో కూర్చున్న ముఠా మనిషికి ఆమె అందిస్తుంది, అతన్ని మనవాళ్లు పట్టుకుంటారు. మేస్త్రీ పని వేరు. వీడియోలన్నీ దాచిన మెషీన్ ఆ అంతస్తులోనే ఎక్కడో ఉంది. అది ఎక్కడుందో కనిపెట్టాలి, మనవాళ్లు వచ్చేదాకా కాపలా కాయాలి.

“చెక్కు చెదరకూడదు,” అన్నారు పెద్దాయన. “సాక్ష్యం.”

మేస్త్రీకి సాక్ష్యం అన్న మాట వింటే ఆవలింత వస్తుంది. తీసుకొచ్చిన సాక్ష్యాల్లో కోర్టు మెట్లెక్కినవి ఎన్నో అతను వేళ్ల మీద లెక్కపెట్టగలడు, అదీ ఒక్క చేతి వేళ్ల మీదే.

నాలుగో అంతస్తు చేరేసరికి రెండూ నలభై. లిఫ్టు పనిచేయడం లేదు. భుజాన పనిముట్ల సంచి, చేతిలో ‘రిపేరు జరుగుతున్నది’ బోర్డు. లేడీస్ బాత్రూమ్ గుమ్మంలో స్టూలు వేసుకుని యాభై దాటిన ఆయా కూర్చుంది. అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

లోపలి మనిషిని గుర్తుపట్టడానికి కోడ్ మాట ఒకటి ఇచ్చారు. ఆమే అనుకుని చెప్పాడు, “కింది నుంచి నీళ్లు ఎక్కడం లేదట.” దానికి రావాల్సిన జవాబు ‘ఎక్కకపోతే దించుకోవాలి’.

“ఎక్కకపోవడమేంటి తమ్ముడూ,” అంది ఆయా, “పొద్దున్నుంచి కారి చస్తుంటే.”

ఈమె కాదన్నమాట. కాకపోయినా పనికొచ్చే మనిషిలా ఉంది. లోపల ఎవరూ లేరని చూసి పంపించి, బోర్డు అడ్డం పెట్టి మళ్లీ స్టూలు మీద కూర్చుంది.

లోపల నాలుగు గదులు, రెండు అద్దాలు, మూడు కుళాయిలు. మేస్త్రీ సంచిలోంచి డిపార్ట్‌మెంటు ఇచ్చిన లెన్స్ డిటెక్టర్ తీశాడు. ఎర్ర లైటు వేసి ఎర్ర గాజులోంచి చూస్తే దాగి ఉన్న కెమెరా కన్ను చుక్కలా మెరుస్తుంది. మెరిసింది. కుళాయి మెరిసింది, మేకు మెరిసింది, గడియ మెరిసింది, ఫ్లష్ బటన్లు నాలుగూ మెరిశాయి. గోడకున్న స్క్రూలు లెక్కపెట్టేసరికి మూడూ ఐదయింది. ఇంత ఖరీదైన పరికరాన్ని కొన్న కమిటీలో ఒక్కరు కూడా బాత్రూమ్‌కి వెళ్లరు కాబోలు అనుకున్నాడు.

మోకాలు పట్టేసి గోడకానుకున్నాడు. గుమ్మంలోంచి ఆయా చూస్తూనే ఉంది.

“పైపులు బాగుచేసేవాడు పైపుకేసి చూస్తాడు,” అంది. “నువ్వు గోడకేసి చూస్తున్నావు. ఏం వెతుకుతున్నావు తమ్ముడూ?”

ఇరవై రెండేళ్లలో కవర్ స్టోరీలు ఎన్నో చెప్పాడు. ఆ పూట ఇంకొకటి అల్లే ఓపిక లేకపోయింది. ఉన్నదున్నట్టు చెప్పాడు.

గోడలకు చెవులుంటాయని విన్నానుగానీ కళ్లు కూడా ఉంటాయని ఎవరూ చెప్పలేదంది ఆయా. తర్వాత లేచి వచ్చి తలుపు వెనక క్లిప్పుకున్న చెకింగ్ షీటు విప్పింది. గంటగంటకీ తుడిచి సంతకం పెట్టే కాగితం అది. కింద ‘ఫిర్యాదులు’ అని ఒక గడి ఉంది. అందులో వంకర అక్షరాలతో ఒకే మాట మూడు వారాల్లో మూడుసార్లు రాసింది. మూడో గది సెంటు డబ్బా వాసన రావడం లేదు. మూడింటి పక్కనా సూపర్‌వైజరు ‘చూశాం’ అని సంతకం పెట్టాడు.

అన్ని గదుల్లోనూ తలుపుకి ఎదురుగోడ మీద తెల్ల డబ్బా ఒకటుంటుంది. పావుగంటకోసారి బుస్సుమని సెంటు కొడుతుంది. కంపెనీవాళ్లు వారానికోసారి వచ్చి సెంటు సీసాలు మారుస్తారు. మూడో గదిలో మాత్రం సీసా మార్చరట, బ్యాటరీ ఒక్కటే మారుస్తారట.

“సెంటు లేని డబ్బాకి బ్యాటరీ ఎందుకు అనుకున్నాను,” అంది ఆయా. “రాశాను కూడా. చదువుకున్నవాళ్లు చూశామన్నారు కదా, సరే అనుకున్నాను.”

మేస్త్రీ డబ్బా మూత విప్పాడు. శనగగింజంత కన్ను, దాని వెనక చిన్న ట్రాన్స్‌మిటర్. దీని సిగ్నలు ముప్ఫై అడుగులు కూడా దాటదు. అంటే మెషీన్ పక్కగోడ అవతలే ఉండాలి. అవతల ఉన్నది సెంటు కంపెనీ స్టోర్ రూమ్. దానికి తాళం వేసి ఉంది. ఈ అంతస్తులో అన్ని గదుల తాళంచెవులూ ఆయా నడుముకే ఉంటాయి. అదొక్కటే లేదు. మూడు నెలల కిందట మేడమ్ ఆ తాళం మార్పించిందట.

“ఏ మేడమ్?”

కారిడార్లో ఎత్తు మడమల చెప్పుల చప్పుడైంది. మనిషికంటే ముందు పరిమళం వచ్చింది.

సెంటు డబ్బాల కంపెనీ ఆమెది, అందుకే ఈ బిల్డింగులో ఆమెను అందరూ సెంటు మేడమ్ అంటారు. నలభై ఉంటాయి, ముప్ఫై అంటే నమ్మేస్తారు. రెండు ప్రభుత్వాలు నమ్మాయి కూడా. ఆమె లోపలికొచ్చి అద్దంలో జుట్టు సరిచేసుకుని, అతని వైపు తిరక్కుండానే అంది, “ఎక్కకపోతే దించుకోవాలి.”

మూడూ ముప్ఫై ఐదు.

మేస్త్రీ స్టోర్ రూమ్ తీయమన్నాడు. ఆమె తీయనంది. తీసినా ఉపయోగం లేదని విడమరచి చెప్పింది. నాలుగింటికి వీడియో దానంతటదే వెళ్లేలా మెషీన్ సెట్ చేసి ఉంది. ఆపే పాస్‌వర్డు ముఠా మనిషి దగ్గరే ఉంది. అతను కోడ్ కీ అసలైనదో కాదో పరీక్షించి, అసలైనదైతేనే ఫోన్లో పాస్‌వర్డు చెబుతాడు. బలవంతంగా ఆపితే లోపలున్నదంతా శాశ్వతంగా పోతుంది.

“కీ దొంగదని అతనికి తెలియకుండా పోదు కదా,” అన్నాడు మేస్త్రీ. “అంటే అమ్మాయి వీడియో ఎలాగూ వెళ్తుంది.”

“వెళ్తుంది. పెద్దాయనకు తెలుసు.” ఆమె లిప్‌స్టిక్ తీసింది. “ఆయనకు మెషీన్ కావాలి. అందులో నూట అరవైమంది ఉన్నారు. పెద్దపెద్ద ఆఫీసర్లు ఉన్నారు, మంత్రుల ఇళ్లవాళ్లు ఉన్నారు. ఎప్పుడెవరితో ఏ పనిబడుతుందో! ఒక్క గుమస్తా కోసం అంత సరుకు పోగొట్టుకుంటారా? కెమెరా సంగతి నేను ఆయనకు చెప్పి నలభై రోజులైంది మేస్త్రీ. తీయమనలేదు, ఉండనీ అన్నారు.”

మేస్త్రీకి కోపం రాలేదు. కోపం వచ్చే వయసు దాటిపోయింది. ఒళ్లంతా బరువెక్కింది, అంతే. ఆ కవరు వచ్చిన రోజు నుంచీ అమ్మాయి ఆఫీసులో ఒక్క గుక్క నీళ్లు తాగడం లేదని ఇందాక ఆయా చెప్పింది. మళ్లీ ఈ గుమ్మం తొక్కాల్సిన అవసరం రాకూడదని. అమ్మాయి సీటుకీ ఈ తలుపుకీ మధ్య ఇరవై అడుగులుంటాయి. పెద్దాయన సీటుకీ ఈ తలుపుకీ మధ్య ఎన్ని మైళ్లో!

“మీకు అభ్యంతరం లేదా మేడమ్?” అన్నాడు.

“నేను మూడో గదికి వెళ్లను కదా,” అందామె చల్లగా. “నేనెప్పుడూ రెండోదే.”

అప్పుడు ఆయా నోరు విప్పింది. మేడమ్ వైపు చూసింది గానీ మాట మేస్త్రీతోనే అన్నట్టు చెప్పింది.

“రెండోది కూడా పోయిన శుక్రవారం నుంచి వాసన రావడం లేదు తమ్ముడూ. ఎవరో టోపీ పెట్టుకున్నతను వచ్చి డబ్బా మార్చి వెళ్లాడు. మేడమ్‌గారి కంపెనీయే అన్నాడు. ఈసారి ఇంక నేను రాయలేదు.”

లిప్‌స్టిక్ సగంలో ఆగిపోయింది.

మేస్త్రీ రెండో గదిలోకి వెళ్లి మూత ఊడదీశాడు. ఇంకో శనగగింజ. పీకి ఆమె అరచేతిలో పెట్టాడు. ఎవరు పెట్టారని అడిగింది. తనకు తెలియదన్నాడు.

“మీకు ఇద్దరు యజమానులు. ఇద్దర్లో ఒకరై ఉంటారు.”

“ఇది కూడా ఆ మెషీన్‌లోకే వస్తుంటే?”

“వస్తుంటే ఈరోజు కాకపోతే రేపు మీకూ ఒక కవరు వస్తుంది. మీ ఫోన్లో ఎవరెవరి నంబర్లున్నాయో మీకే తెలియాలి.”

సెంటు మేడమ్ ముఖంలో ముప్ఫై ఏళ్లు పోయి నలభై వచ్చాయి, నలభై కూడా దాటాయి. ఊళ్లో అమ్మ ఉందంది. తాళంచెవి తీసింది.

మూడూ యాభై నాలుగు. స్టోర్ రూమ్‌లో నేల నుంచి పైకప్పు దాకా సెంటు సీసాల పెట్టెలే. వాసనకి కళ్లు మండాయి. కింది వరసలో పెట్టెలు ఒక్కొక్కటే లాగారు, ఆయా కూడా ఓ చెయ్యి వేసింది. చిట్టచివరి పెట్టెలో ఉంది మెషీన్, భోజనం క్యారియర్ అంత. చిన్న స్క్రీన్ మీద అంకెలు వెనక్కి నడుస్తున్నాయి. రెండు నిమిషాల పది.

కట్టర్ తీసి కరెంటు వైరు కత్తిరించాడు. స్క్రీన్ ఆరలేదు. లోపల బ్యాటరీ ఉంది. వెనక మూతకి ఎనిమిది స్క్రూలు. మూడు విప్పేసరికి చేతికి చెమట పట్టి స్క్రూడ్రైవర్ జారింది. ముప్ఫై సెకన్లు. జేబులో ఫోను మోగింది. ఆ మోత పెద్దాయనది. ఎత్తలేదు.

మేస్త్రీ ఇక మెకానిక్ పని మానేసి పెద్ద పైపు రెంచి ఎత్తాడు. మొదటి దెబ్బకి మూత సొట్టపడింది. రెండో దెబ్బకి స్క్రీన్ పగిలింది, అంకెలు మాత్రం పగుళ్ల కింద నడుస్తూనే ఉన్నాయి. నాలుగు, మూడు. మూడో దెబ్బకి మోకాలు కలుక్కుమంది, మెషీన్ ఉస్సురని ఆగిపోయింది. అయినా అతను ఆగలేదు. లోపలి డిస్కు బయటికి లాగి, రేకు ముక్కలయ్యేదాకా కొట్టాడు. నూట అరవైమంది. వాళ్లలో ఎవరికీ ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. తెలియకపోవడమే మంచిది.

రిపేరు బోర్డు చూసి ఇంతసేపూ బయటే ఆగిపోయిన గుమస్తా అమ్మాయి నాలుగూ రెండుకి లోపలికి వచ్చింది. దొంగ కీ ఉన్న కవరు ఒక చేతిలో, ఫోను ఇంకో చేతిలో. ఆ ఫోనుకేసే చూస్తోంది. మేస్త్రీ ఆమెను పక్కకి పిలిచి ముక్కలు చూపించాడు.

“పోయిందమ్మా.”

“కాపీ ఏదైనా ఉందేమో బాబాయ్?”

అతను సెంటు మేడమ్ వైపు చూశాడు. బయటికి పంపేది నాలుగింటికే అని, అంతకుముందు ఈ పెట్టె దాటి ఏదీ వెళ్లలేదని, ఆ ఒక్క ఫోటో మాత్రం తనే ప్రింటు తీసిందని మేడమ్ చెప్పింది. చెప్పేటప్పుడు అమ్మాయి కళ్లలోకి చూడలేకపోయింది. అమ్మాయి వెంటనే వాళ్ల నాన్నకి ఫోను చేసింది. ఆయన ఎత్తి, ఏమ్మా ఈ వేళప్పుడు చేశావు, సాయంత్రం వచ్చేటప్పుడు టార్చిలైటు బ్యాటరీలు తీసుకురా, అని పెట్టేశాడు. ఆ ఒక్క మాటకి అమ్మాయి గోడకానుకుని జారిపోయి, ఎనిమిది రోజుల ఏడుపంతా అక్కడే ఏడ్చింది. ఆయా పక్కన కూర్చుని వీపు నిమిరింది.

కవరు తీసుకుని సెంటు మేడమ్ కిందికి వెళ్లింది. కారులో మనిషికి అందించింది. మనవాళ్లు అతన్ని గేటు దగ్గర పట్టుకున్నారు. ఆమె మాత్రం మళ్లీ ఎవరి కంటా పడలేదు, ఏ యజమాని కంటా.

మర్నాడు పెద్దాయన కళ్లజోడు తీయలేదు. మెషీన్ ఏమైందని అడిగారు. పైపు పగిలి దానిమీద పడిందన్నాడు మేస్త్రీ. ఏ పైపని అడిగారు. నాలుగో అంతస్తుదన్నాడు.

“రెండో గదిలో డబ్బా ఎవరిది సార్?”

“ఆమె రెండు పడవల మనిషి. మనకూ ఒక కన్ను ఉండాలి కదయ్యా,” అన్నారు పెద్దాయన. “ఆరు రోజులదే. మన టెక్నికల్ రూమ్‌లో భద్రంగానే ఉంది.”

“చెరిపేయించండి.”

“నువ్వు నాకు చెప్పేవాడివయ్యావా?”

మేస్త్రీ సంచి భుజానికెత్తుకున్నాడు. “మన ఆఫీసులో సెంటు డబ్బాల కాంట్రాక్టు ఎవరిది సార్?” అన్నాడు.

ఆ కాంట్రాక్టు సెంటు మేడమ్‌దే. ఆమె కవర్ నిజంలా కనిపించాలని పెద్దాయనే స్వయంగా ఇప్పించారు, ఏడాదైంది. ఆయన చెయ్యి మెల్లగా ఫోను మీదికి వెళ్లింది. టెక్నికల్ రూమ్‌కి చెప్పి ఆ ఆరు రోజులదీ చెరిపేయించారు. చెరిపేశామన్న జవాబు వచ్చేదాకా మేస్త్రీ నిలబడే ఉన్నాడు.

తలుపు దగ్గరికి వెళ్లాక వెనకనుంచి పిలిచారు. గొంతు బాగా తగ్గింది.

“మన అంతస్తు బాత్రూమ్‌లో డబ్బాలు చూశావా?”

“నాకు ఆర్డరు లేదు సార్,” అని మేస్త్రీ మెట్లు దిగిపోయాడు.

పెద్దాయన ఇల్లు ఆఫీసుకి పన్నెండు కిలోమీటర్లు. ఆ రోజు భోజనానికీ సాయంత్రానికీ మధ్య ఆయన రెండుసార్లు ఇంటికెళ్లి వచ్చారని, రెండుసార్లూ దారిలో హారన్ కొట్టమని తొందరపెట్టారని డ్రైవరు చెప్పాడు.