ఏడో శనివారం, నెంబర్ ఫోర్

పోయిన నెల షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో చచ్చిపోయిన కుర్రాడు చేసిన తప్పు ఒక్కటే. చెప్పిన టైముకి పెన్‌డ్రైవ్‌తో చెప్పిన రామెన్ షాపుకి వచ్చాడు. కానీ ఒళ్ళు వెచ్చగా ఉందని నెంబర్ ఫోర్ బదులు ఉత్త సూప్ ఆర్డర్ చేశాడు. పార్కింగ్‌లో కారు తలుపు తీస్తుండగా తల వెనక తూటా దిగింది.

"నెంబర్ ఫోర్ అంటే పోర్క్ రామెన్, పంది మాంసం ముక్కలేసిన జపాన్ నూడుల్స్," అంది జ్ఞానప్రసూన. ఫీనిక్స్‌లో బోర్డు కూడా లేని ఒక సీక్రెట్ బ్యూరోకి ఆమె చీఫ్. "కొరియర్ ఆ ముక్క నోట్లో పెడితే అంతా సేఫ్ అని సిగ్నల్. ఇంకేం తిన్నా వెనక పోలీసులున్నారని అర్థం. డాక్టర్ లేచి వెళ్ళిపోతాడు, దారిలో తన వాచ్ నొక్కుతాడు. బయట షూటర్‌కి అదే ఆర్డర్."

డాక్టర్ అనేది కోడ్ నేమ్. చిప్ డిజైన్లు దొంగిలించి విదేశానికి చేరవేసే ముఠాకి అతనే పెద్ద. ఈ రూల్స్ బ్యూరోకి అందించింది కావ్యశ్రీ. ముఠాలో డాక్టర్ పక్కనే తిరిగే అందగత్తె, బ్యూరోకి డబుల్ ఏజెంట్.

"ఎర ఎవరు మేడమ్?" అని అడిగాడు ఏజెంట్ వీరాంజనేయులు.

"రిషిత. ఎమ్మెస్ స్టూడెంట్, చిప్ కంపెనీలో ఇంటర్న్. డిజైన్లు ఇవ్వకపోతే వీసా పోగొడతామని ముఠా బెదిరిస్తే భయపడి మన దగ్గరికొచ్చింది. ఏం తినాలో ముఠా తరఫున కావ్యశ్రీ చెప్తుంది. షూటర్ సంగతి ఆ పిల్లకి చెప్పలేదు. మనవాళ్ళు ఎవరో, ఎక్కడుంటారో కూడా చెప్పలేదు. తెలిస్తే చూపు అటే పోతుంది."

"చచ్చిపోతే?"

"డాక్టర్ చేతికి డ్రైవ్ అందాక చస్తే మనకి కేసుంటుంది. ముందే చస్తే ఏమీ ఉండదు."

వీరాంజనేయులు ఇంటికెళ్ళి ఇరవై ఏళ్ళుగా పెంచుకున్న మీసం గొరిగేశాడు.

ఫీనిక్స్ పక్కనే చాండ్లర్‌లో, వరసగా షాపులున్న ఒక స్ట్రిప్ మాల్. ఇండియన్ గ్రోసరీకి, నెయిల్ సెలూన్‌కి మధ్య ఇరుక్కున్న చిన్న రామెన్ షాపు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. లోపల సాఫ్ట్‌వేర్ కుటుంబాలు పిల్లలకి ఫోర్కుతో నూడుల్స్ చుట్టి పెడుతున్నాయి. వెయిటర్ వేషంలో, తలకి నల్లగుడ్డ కట్టుకుని, చెవిలో బియ్యపు గింజంత ఇయర్‌పీస్‌తో వీరాంజనేయులు టేబుళ్ళు తుడుస్తున్నాడు. అసలు మీటింగ్ శుక్రవారం. డాక్టర్ ఫ్లైట్ లేటని శనివారానికి మార్పించింది కావ్యశ్రీ.

మూల టేబుల్లో డాక్టర్, పక్కన ఎర్ర సిల్క్ గౌనులో కావ్యశ్రీ. పన్నెండున్నరకి రిషిత వచ్చి కిటికీ పక్కన కూర్చుంది. మెనూ తెరిచింది.

"నెంబర్ ఫోర్ బాగుంటుందమ్మా," అన్నాడు వీరాంజనేయులు.

తెలుగు వినగానే ఆ పిల్ల ప్రాణం లేచొచ్చింది. "మీరు తెలుగా అంకుల్? నాకు వెజ్ రామెన్ ఇవ్వండి. ఒక అక్క కూడా ఫోర్ తీసుకోమనే చెప్పింది. తీరా చూస్తే పోర్క్ అంట. ఇవాళ శనివారం కదా. అక్కకి మెసేజ్ పెడితే, పర్లేదు, వెజ్ తిను అంది."

"ఏ అక్క?"

"కావ్య అక్క. ఫోన్లోనే పరిచయం. ఏడు శనివారాలు నీచు ముట్టనని వెంకన్నకి మొక్కుకున్నా అంకుల్, హెచ్‌వన్ వీసా లాటరీలో పేరు రావాలని. ఇవాళ ఏడోది. అక్కకి ముందే తెలుసు."

వీరాంజనేయులికి విషయం అర్థమైంది. మీటింగ్ శనివారానికి మార్చింది అందుకే. డాక్టర్ తప్పించుకుంటాడు, పిల్ల చస్తుంది, నేరం మొక్కు మీదికి పోతుంది. కావ్యశ్రీ మాత్రం రెండు పక్కలా మంచిదానిగా మిగులుతుంది.

కిచెన్ గుమ్మంలో నిలబడి గొణిగాడు. "మేడమ్, కావ్యశ్రీ మనల్ని అమ్మేసింది."

ఇయర్‌పీస్‌లో జ్ఞానప్రసూన గొంతు. "నాకు డాక్టర్ కావాలి వీరా. పిల్లకి పోర్క్ తినిపించు."

"మొక్కులో ఉంది మేడమ్."

"బతికుంటే ఇంకో మొక్కు మొక్కుకుంటుంది."

అతను నెంబర్ ఫోర్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. పాలలా తెల్లటి పులుసు, మీద రెండు ముక్కలు. రిషిత అనుమానంగా చూసింది.

"ఇదేంటి అంకుల్?"

"సోయా అమ్మా. మన మీల్‌మేకర్ లాంటిదే. పులుసు కూడా సోయా పాలతోనే."

"నిజంగానా?"

"శనివారం పూట అబద్ధమాడతానా తల్లీ?"

ఆమె కళ్ళు మూసుకుని, పెదవులు కదిపి దణ్ణం పెట్టుకుంది. ముక్క నోట్లో పెట్టుకుంది. తన జీవితంలో ఎన్ని పాడు పనులు చేసినా వీరాంజనేయులికి ఇంత సిగ్గెప్పుడూ వెయ్యలేదు.

డాక్టర్ లేచి కిటికీ టేబుల్ దగ్గరికి వచ్చాడు. వెనకే కావ్యశ్రీ, పాలిపోయిన మొహంతో. రిషిత నాప్కిన్ కింద నుంచి పెన్‌డ్రైవ్ జరిపింది. డాక్టర్ దాన్ని అందుకున్నాడు. కావ్యశ్రీ అతని చెవి దగ్గరికి వంగింది.

"డాక్టర్, ఇది..."

ఇంకో టేబుల్‌కని వీరాంజనేయులు పట్టుకెళ్తున్న ట్రే ఒరిగింది. సలసల కాగే పులుసు ఆమె మెడ మీద నుంచి గౌనులోకి జారింది. ఆమె పెట్టిన కేకకి డాక్టర్ తిరిగి చూశాడు, వేలు వాచ్ మీదికి వెళ్ళింది. పక్క టేబుల్లో నూడుల్స్ తింటున్న ఇద్దరు 'కస్టమర్లు' అతని రెండు మణికట్లూ వెనక్కి విరిచేశారు. ఎముక విరిగిన చప్పుడు వంటింటిదాకా వినిపించింది. ఆర్డర్ అందని షూటర్‌ని పది నిమిషాల్లో పార్కింగ్‌లోనే పట్టుకున్నారు.

బొబ్బలెక్కిన మెడతో కావ్యశ్రీ బేడీలేయించుకుంది. "పీక కోసినా అది ఇవాళ ముట్టదు. ఎలా తినిపించావ్?" అంది తెలుగులో, పళ్ళు నూరుతూ.

"నోరు మూసుకుని నడు," అన్నాడు వీరాంజనేయులు. రిషిత చెవిన ఇంకో మాట పడేలోపు నల్లగుడ్డ విప్పి నోట్లో కుక్కాడు.

సాయంత్రం రిషితని అతనే కారులో అపార్ట్‌మెంట్‌కి తీసుకెళ్ళాడు. షూటర్ సంగతి అప్పటికి ఆమెకి చెప్పారు. సగం దారి ఏడ్చింది, తర్వాత తేరుకుంది.

"నియమం తప్పలేదు కాబట్టే స్వామి కాపాడాడు అంకుల్. ఇంక జీవితాంతం నీచు ముట్టనని ఇందాకే మొక్కుకున్నా."

"మంచిదమ్మా."

"ఆ మీల్‌మేకర్ మాత్రం భలే ఉంది. ఏ బ్రాండో కనుక్కుని చెప్తారా?"

శత్రువుల చెరలో నాలుగు రోజులు దెబ్బలు తిని కూడా అబద్ధానికి తడుముకోని ఏజెంట్ వీరాంజనేయులు, రెండు సిగ్నళ్ళు దాటేదాకా ఆలోచించి, "స్టాక్ అయిపోయిందటమ్మా," అన్నాడు.