తలలు తుంచని చేపలు

యర్రగొండపాలెంలో ఎండుచేపలు కావాలంటే సౌభాగ్యమ్మ గంప దగ్గరికే పోవాలి. సముద్రం మొహం ఆమె ఎన్నడూ చూసి ఎరగదు. దాని వాసన మాత్రం ఆమె చీరను వదిలేది కాదు.

నిరుడు ఎండాకాలం ఇక్కడ కూలి దొరక్క ఆమె మొగుడు కృపావరం తీరానికి పోయి మరపడవ ఎక్కాడు. చేపలు గుడ్లు పెట్టే కాలమది, వేట నిషేధం. అయినా ఓనరు ఆశకు నిషేధమేముంది? పడవ తిరిగొచ్చింది, కృపావరం రాలేదు. పాస్టరుగారు ప్రార్థన చేశారు గానీ, సమాధి చెయ్యడానికి ఏమీ లేదు. ఆయన కళ్ళు నా చేత్తో ముయ్యలేకపోయానే అన్నదే అప్పట్నుంచీ సౌభాగ్యమ్మ ఏడుపు.

చివరిసారి ఫోనులో కృపావరం అన్న మాట ఆమె చెవుల్లోనే ఉంది.

"దోమతెర మాదిరి వల, సౌభాగ్యం. వేలెడు లేని పిల్లలు గూడా వచ్చి పడతాండాయి. పనికిరానివాటిని పారతో ఎత్తి పోస్తాండాము. చచ్చినాక గూడా ఒక్కటీ కన్ను ముయ్యదే! నాకు నిద్ర పట్టడంల్యా."

ఆ మధ్యాహ్నం పొదిలి నుంచి చేపల వ్యాపారి అంకయ్య వచ్చి మూట దించాడు. విప్పి చూస్తే ఆమెకు మనసు చివుక్కుమంది.

"ఏందన్నా, అన్నీ పిల్లలే గదా?"

"పెద్దవి యాడుండాయి చెల్లా? సముద్రాన్ని ఊడ్చినారు."

అతను పోయాడు. మే నెల ఎండకు వీధిలో పురుగు లేదు. తలుపు మూస్తే రేకుల గదిలో చీకటే. ఒంటి మనిషికి వంటేమిటి అనుకుంటూనే పిడికెడు చేపలు గిన్నెలో నానేసింది. తలలు తుంచి నానెయ్యాలని ఆమెకు తెలియక కాదు. ఇంత చిన్నవాటికి తలెక్కడ, ఒళ్ళెక్కడ? నిద్ర సుఖమెరగదంటారు, ఉత్త నేల మీదే ఒరిగింది.

టప్...

గిన్నెలోంచి.

టప్... టప్...

లేచి చూసింది. చేపలు ఉబ్బాయి. తెల్లటి కళ్ళతో అన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. మంచం వైపు...

మంచం నులకలోంచి నీళ్ళు కారుతున్నాయి. గదంతా ఉప్పు వాసన, నాచు వాసన. మంచం మీద కృపావరం వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

సౌభాగ్యమ్మ పాకుతూ దగ్గరికే పోయింది. ఎంత భయమైనా తన మనిషే కదా.

"వచ్చినావా అయ్యా..."

"మంట... కళ్ళు మంట. ముయ్యి, సౌభాగ్యం."

ఏడాదిగా దేవుణ్ణి ఆమె అడిగిందీ ఇదే. నుదుటి మీద అరచెయ్యి పెట్టి మెల్లగా కిందికి దించింది. మళ్ళీ దించింది. చేతి కింద కళ్ళు గుండ్రంగా, చల్లగా, తడిగా తగిలాయి.

రెప్పలు... లేవు.

గిన్నెలో నీళ్ళు టపటపా కొట్టుకున్నాయి.

"నావే కాదు... వాటివి గూడా..."

"మూస్తానయ్యా," అంది ఏడుస్తూ. "అందరివీ మూస్తా."

పొద్దు వాలాక పక్కింటి రోశమ్మ తలుపు తోసుకుని వచ్చింది. మంచం పొడిగా ఉంది. నులక మీద మనిషి పొడుగున తెల్లగా ఉప్పు పేరుకుంది. సౌభాగ్యమ్మ గిన్నె ముందు కూర్చుని ఉంది. నీళ్ళలో పిల్ల చేపలన్నీ కళ్ళు మూసుకుని ఉన్నాయి.

రోశమ్మ ఆమె మొహంలోకి చూసింది. చూసి, ఒక్కో అడుగే వెనక్కి వేసింది.

"వదినా... కన్నార్పవేంది?"