భయం చూసే తూము

2094 నాటికి గొర్లెపేట కాలువ గట్టు మీద ఆఫీసర్ల జీపు తిరగక పదమూడేళ్లయింది. కలెక్టరు లేడు, ఇరిగేషన్ ఇంజనీరు లేడు, పోలీసు లేడు. ఆ ప్రాంతం ప్రభుత్వాన్ని రద్దు చేసుకుంది. జనం తొందరగానే అలవాటుపడ్డారు.

నీళ్ల పంపకం సమ్మతి యంత్రం చూసేది. పెద్ద తూము పక్కన మనిషెత్తు ఇనుప పెట్టె అది. తయారుచేసింది డాక్టర్ గున్నమ్మ. దిగువన ఆమెకూ అరెకరం ఉంది. లాఠీ పట్టిన చెయ్యి లేకపోతే మనుషులు తమలో తాము సర్దుకుంటారని ఆమె నమ్మకం.

యంత్రం పద్ధతి సులువు. వంతు ఎవరిదో రైతులే ప్రతిపాదిస్తారు. ఒక్కొక్కరూ అరచెయ్యి ఆనించి అవుననో కాదనో చెబుతారు. లోపలి నాడీగ్రాహకం, అంటే న్యూరో సెన్సర్, ఆ మాట వెనక సాటి మనిషంటే భయం ఉందేమో చూస్తుంది. ఉంటే మాట చెల్లదు. సగానికి మించి నిర్భయంగా అవునంటే తూము తెరుచుకుంటుంది. ఒక్కరు నిర్భయంగా కాదన్నా తెరుచుకోదు.

ఆ ఏడు నీళ్లు తక్కువ. దిగువన తవుడు అనే రైతు రెండెకరాల వరి పాలు పోసుకుంటోంది. నాలుగు రోజుల్లో తడి అందకపోతే గింజ పట్టక అంతా తాలే. ఎగువన సన్యాసినాయుడి చెరకు నలభై ఎకరాలు. చెరకు పది రోజులు ఆగగలదు. నాయుడు ఆగలేడు. ముందు ఎగువకే అన్నాడు. ఊళ్లో విత్తనం ఆయనది, ట్రాక్టర్లు ఆయనవి, మిల్లు ఆయనది. ప్రభుత్వం పోయినప్పుడు అవి పోలేదు.

యంత్రం పనితీరు చూడాలని పక్కన నిలబడ్డ గున్నమ్మ తప్ప అందరూ చేతులు ఆనించి అవునన్నారు.

"నలభై ఒక్క మాటల్లో భయం ఉంది. చెల్లవు" అంది యంత్రం.

మర్నాడూ అంతే. గున్నమ్మ ముఖం వెలిగింది.

"చూశావా తవుడూ? ఇప్పుడు కాదని చెప్పు. నీ మాట నువ్వు చెప్పుకో."

"సెప్పేత్తాను. పై పంటకి ఇత్తనం నువ్విత్తావేటమ్మా?" అన్నాడు తవుడు.

మూడో ఉదయం యంత్రానికి బంతిపూల దండ ఉంది, బొట్టు ఉంది. పక్కన నాయుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నానెవుర్నిరా సెప్పడానికి? యంత్రంగోరే సెలవిచ్చారు. ముందు ఎగువకి."

యంత్రం ఏ సెలవూ ఇవ్వలేదు. ఇవ్వడం దానికి చేతకాదు. జనం చెప్పులు విడిచి వరుస కట్టారు.

"భయం లేదు. సమ్మతి. భయం లేదు. సమ్మతి."

తవుడు చెయ్యి కూడా అదే చెప్పింది. గున్నమ్మ అతని భుజం పట్టుకుంది.

"ఎల్లుండికి నీ వరి తాలైపోతుందిరా!"

"అవనీమ్మా. నాయుడు అడిగితే లోపల తిట్టుకునీవోణ్ని. ఇది పైనుంచొచ్చిన ఆర్డరు. దాని మీద కోపమేటి?"

"అది ఏ ఆర్డరూ ఇవ్వలేదు! తయారుచేసినదాన్ని, నాకు తెలీదా?"

నాయుడు గొంతు పెంచలేదు. "అమ్మగోరు యంత్రంగోరికి ఎదురు సెప్తన్నారు. ఇనండి."

నలభై తలలు ఆమెవైపు తిరిగాయి. ఒకడు చేతిలోని పార భుజం మీదికి మార్చుకున్నాడు. తవుడు ఆమె చెయ్యి విదిలించుకుని వాళ్లలోకి జరిగాడు.

ఒక్క నిర్భయమైన కాదు చాలు. గున్నమ్మ ముందుకెళ్లి అరచెయ్యి ఆనించింది.

"కాదు" అంది.

యంత్రం అబద్ధం ఎరగదు.

"భయం ఉంది. చెల్లదు."

తూము తెరుచుకుంది. నీళ్లు చెరకులోకి మళ్లాయి. మొదట చప్పట్లు కొట్టింది తవుడే.