సోఫాలో మధ్య చోటు

శబ్దాన్ని పరీక్షించే ఇంజనీరు చప్పుడు లేకుండా చచ్చిపోయాడు. బర్‌బ్యాంక్‌లో, పట్టపగలు, తన కారులో, సీటు బెల్టు పెట్టుకుని మరీ.

"మెడ మీద సూది గాటు," అంది చీఫ్ మేబుల్ టకెట్, టాకోలు అమ్మే బండి పక్కన నిలబడి నిమ్మచెక్క పిండుకుంటూ. "అతని బదులు కొత్త పరీక్షకుడిగా నువ్వు వెళ్తున్నావ్, హోల్ట్. కార్డు, పెట్టుడు మీసం సంచిలో ఉన్నాయి."

"పరీక్ష దేనికి మేడమ్?"

"హోం థియేటర్ రిసీవర్‌కి. ఆ పెట్టెను తయారుచేసింది విదేశీ ముఠా, ఇతన్ని చంపిందీ వాళ్లే. లోపలున్నది సినిమా ధ్వనిని విడదీసి గది చుట్టూ స్పీకర్లకు పంచే డీకోడర్ దొంగకాపీ. పరీక్ష పాసైతే, అసలు డీకోడర్‌కి లైసెన్సు ఇచ్చే కంపెనీ తన రహస్య తాళంచెవిని ఆ పెట్టెలోకి పంపుతుంది. దాంతో వాళ్లు దేశంలో ఏ రిసీవర్‌లోకైనా దూరతారు."

"దూరి పాటలు వింటారా?"

"గదిలో ధ్వని కొలవడానికి మొదట్లో రిసీవర్‌కి ఒక మైకు గుచ్చుతారు కదా, దాన్ని మళ్లీ తీసేవాణ్ణి చూశావా? మా బావ ఇంట్లో ఇంకా వేలాడుతోంది. సెనేటర్ల ఇళ్లలోనూ అంతే. వాళ్ల మాటలన్నీ ఆ మైకులోంచే వింటారు."

హోల్ట్ నవ్వలేదు. అతని ఇంట్లోనూ వేలాడుతోంది.

"లోపల మనవాళ్లు ఒకరున్నారు. ఎవరో నాకూ తెలీదు. నిన్నే పంపమన్నారు, ఎందుకో చెప్పలేదు," అంది మేబుల్. ఆ మనిషిని గుర్తుపట్టే కోడ్ మాట, దాని జవాబు చెప్పి, టాకో కాగితం నలిపి పారేసి వెళ్లిపోయింది.

ల్యాబ్‌లో లైసెన్సు కంపెనీ వైస్ ప్రెసిడెంట్ ప్రూయిట్ ఉన్నాడు. ముఠా తరఫు సేల్స్‌మన్ కోస్టర్ ఉన్నాడు. కోస్టర్ పక్కన ఆకుపచ్చ పట్టు గౌనులో ఇవోన్.

నాలుగేళ్ల కిందటి దాకా ఆమె హోల్ట్‌తో ఒకే సోఫా మీద కూర్చుని సినిమాలు చూసిన మనిషి. ఒకరోజు ఆఫీసు రహస్య ఫైళ్లతో మాయమైంది. ఆఫీసు ఆమెను దేశద్రోహి అంది. హోల్ట్ అవుననలేదు, కాదనలేదు. ఒంటరిగా తినడం నేర్చుకున్నాడు.

"ఈ గదిలో కార్పెట్ చాలదు," అంది ఇవోన్, ఎటో చూస్తూ.

మేబుల్ చెప్పిన కోడ్ మాట అదే. హోల్ట్ దాని జవాబుగా "పరదాలు చాలు," అన్నాడు.

పరీక్షకుడు ఒక్కడే గదిలో ఉండాలి, మిగతావాళ్లు అద్దం అవతల. గదిలో ఒక సోఫా, దాని మధ్య సీటుకు ఎదురుగా ఎర్ర బటన్. తప్పు దొరికితే నొక్కాలి. టేపు అయిపోయేలోగా నొక్కకపోతే తాళంచెవి దానంతటదే వెళ్లిపోతుంది. చచ్చినవాడు బటన్ నొక్కలేడు కాబట్టి చచ్చినవాడు కూడా పాస్ చేసినట్టే. వినడానికి లైసెన్సు పెట్టిన పెద్దమనుషుల తెలివి అది!

హోల్ట్ సోఫా ఎడమ చివర కూర్చున్నాడు.

"మధ్యలో కూర్చోండి సార్," స్పీకర్‌లో కోస్టర్ గొంతు. "ధ్వని సరిగ్గా కలిసేది అక్కడే. ఈ పనిలో ఉన్నవాడెవడూ చివర కూర్చోడు."

"నాకిక్కడే అలవాటు."

టేపు మొదలైంది. రిసీవర్ నుదుటి మీద ఫార్మాట్ పేరు నీలంగా వెలిగింది. "వెలిగిందిగా, ఇంకేం కావాలి," అన్నాడు ప్రూయిట్. అందరూ దీపాన్ని చూసేవాళ్లే. చెవి పెట్టేవాడేడీ?

హోల్ట్ కళ్లు మూసుకున్నాడు. రికార్డు చేసిన ఆడగొంతు గది చుట్టూ నడిచింది. ముందు ఎడమ. మధ్య. ముందు కుడి. వెనక కుడి అన్న మాట అతని ఎడమ భుజం వెనక నుంచి వచ్చింది. వెనక ఎడమ అన్నది కుడివైపు నుంచి. దొంగకాపీలో వెనక స్పీకర్ల దారులు రెండూ తారుమారు. ఎవరో కావాలని మార్చారు.

అతను బటన్‌కి చెయ్యి చాచాడు. అప్పుడే నేల అదిరేలా లోతైన బేస్ శబ్దం మోగింది. ఆ అదురుకు మధ్య సీటు వీపులోంచి సూది పొడుచుకొచ్చి, ఖాళీ గాలిని గుచ్చి, అతని కోటు చేతిని చీల్చింది. ఆ చేత్తోనే బటన్ నొక్కాడు. టేపు ఆఖరి చుట్టులో ఆగింది.

కాపలావాళ్లు కోస్టర్‌తో పాటు ఇవోన్‌కీ సంకెళ్లు వేశారు. వేయాలి కూడా, ముఠా ఆమెను ఇంకా నమ్మాలి. నడవలో ఒక్క క్షణం ఇద్దరే మిగిలారు.

"సూది నువ్వే పెట్టావా?"

"వాళ్లు పెట్టమన్న చోటే పెట్టాను. వైర్లు మాత్రం వాళ్లు చెప్పకుండా మార్చాను."

"నేను మధ్యలో కూర్చుని ఉంటే?"

"సోఫా మధ్యలో, నా చోట్లో, నువ్వెప్పుడు కూర్చున్నావ్? ఆ మొండితనం చూసుకునే నిన్ను పంపమన్నాను. ఇంకా అంతేనా?"

"ఇంకా అంతే."

"మీసం బాలేదు, హోల్ట్."

ఆమెను తీసుకెళ్లారు. రేపటికి ఆమెకు మరో పేరు, మరో దేశం. ఏదని అడిగే హక్కు అతనికి లేదు.

ఆ వారమే దేశమంతా ఉత్తర్వు వెళ్లింది: రిసీవర్లకు గుచ్చిన మైకులు వెంటనే తీసేయండి. రాసింది హోల్టే. సాయంత్రం ఇంటికొచ్చి, సోఫా చివర కూర్చుని, మధ్య చోటు మీదికి వేలాడుతున్న తన మైకును చేతిలోకి తీసుకున్నాడు.

"సూప్ మళ్లీ మాడ్చాను," అని ఆమెకు చెప్పినట్టే దానికి చెప్పి, ఎక్కడిది అక్కడే వదిలేశాడు.