వాచీల కొట్లో ఈల

"ఈల వేయలేకపోవడం కూడా ఒక నష్టమేనా అండీ?"

కుర్ర లాయరు మామూలుగానే అడిగాడు. అడిగాకగానీ తెలియలేదు, అడగకూడనిది అడిగానని. వాచీలు బాగుచేసే అమ్మాయి కంటికున్న భూతద్దం తీసి అతని వైపు చూసింది. ఆ చూపుకి అతను కూర్చున్న స్టూలు రెండంగుళాలు వెనక్కి జరిగింది.

"కేసు తీసుకున్నది మీ సీనియర్ మేడమ్. మీకు నమ్మకం లేకపోతే స్టూలు ఖాళీ చేయండి. కస్టమర్లు వస్తారు."

విషయం ఇదీ. ఏడాది కిందట ఆమె ఆసుపత్రిలో జ్ఞానదంతం పీకించుకుంది. డాక్టరు తొందరపడి, ఎక్స్‌రే అయినా చూడకుండా, పన్నుతో పాటు నరాన్నీ తెంపేశాడు. కింది పెదవి ఎడమవైపు మొద్దుబారిపోయింది. మాట బాగానే వస్తుంది, చేతులు బాగానే ఆడతాయి, కొట్టు బాగానే నడుస్తోంది. పోయిందల్లా ఈల ఒక్కటే. ఆదాయం తగ్గలేదు కాబట్టి మందుల ఖర్చు తప్ప ఇంకేమీ ఇవ్వనక్కర్లేదని ఆసుపత్రి వాదన. బిల్లు లేని బాధకీ, పోయిన ఆనందానికీ కూడా పరిహారం అడగొచ్చని మేడమ్ వాదన. ఆ బాధ ఎంతో చూపించడం మన కుర్ర లాయరు పని.

"అతని మీద విరుచుకుపడతావేమే?" అంటూ ఆమె తండ్రి లోపలి గదిలోంచి వచ్చాడు. చూపు బాగా మందగించిన మనిషి, గోడ పట్టుకుని నడుస్తున్నాడు. తడుముకుంటూ ఫోన్ అందించాడు. "విను బాబూ. అమ్మాయికి తెలియకుండా అప్పట్లో రికార్డు చేశాను."

ముందు గడియారాల టిక్కుటిక్కులు వినిపించాయి. వాటి మధ్యలోంచి సన్నగా ఈల లేచింది. అది ఏ పాటా కాదు. ఒక్కో గడియారాన్నీ పలకరించుకుంటూ పోతున్నట్టుంది. ఎక్కడికో పైకి వెళ్లి, అక్కడ కాసేపు నిలబడి, ఏమీ జరగనట్టు కిందికి దిగింది. ఒక మనిషి ఊపిరిలో ఇంత ఉంటుందా అనుకున్నాడు కుర్ర లాయరు. రికార్డు అయిపోయాక కూడా ఫోన్ చెవికే పెట్టుకుని కూర్చున్నాడు.

"ఈల ఎటు వినిపిస్తే అటు నడిచేవాణ్ణి. ఇప్పుడు గోడే దిక్కు," అన్నాడు తండ్రి.

కుర్ర లాయరు ఫోన్ తిరిగిచ్చాడు. "రోజూ ఒక పుస్తకంలో రాయండి. ఆ రోజు ఎలా గడిచింది, ఏం చేయలేకపోయారు, అన్నీ. కాకపోతే కోర్టుకి ఇచ్చేటప్పుడు అవతలి లాయరుకీ ఓ కాపీ ఇవ్వాలి."

"ఉన్నదున్నట్టే రాస్తాను. తప్పు టైము చూపించే వాచీని నేను కొట్లోంచి పంపను."

ఆ తర్వాత అతను వారం వారం పుస్తకం చూడటానికి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా తన వాచీ కూడా విప్పి ఇచ్చేవాడు.

నాలుగోసారి ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వింది. "దీనికి ఏ రోగమూ లేదు లాయర్ గారూ. మీకే ఉన్నట్టుంది."

"అయితే నన్నే విప్పి చూడండి."

"స్పేర్ పార్టులు దొరకవు, వద్దులెండి."

ఒక శనివారం అతను పుస్తకం తెరిచి, అరవై మూడో పేజీ దగ్గర ఆగిపోయాడు.

"ఈ రోజు వాన. లాయర్ గారు తడిసిన వాచీతో వచ్చారు. టీ తాగుతుంటే నా పెదవి ఎడమవైపు నుంచి కారిపోయింది, నాకు తెలియనే లేదు. ఆయన చూసి ఏమీ అనకుండా, తన టీ కూడా చొక్కా మీద ఒలకబోసుకున్నారు. గంటసేపు నవ్వాను. ఏడాదిలో మొదటిసారి ఈల గుర్తుకే రాలేదు."

అతను నవ్వబోయి, అంతలోనే కోర్టు గుర్తొచ్చి సర్దుకున్నాడు. ఆ పేజీ తిప్పే ధైర్యం లేకపోయింది. "ఇది వాళ్ల చేతిలో పడితే కొంప మునుగుతుంది. నవ్వేవాళ్లకి బాధేంటి అంటారు. కేసు పోతుంది."

"చింపేయమంటారా?" అందామె నెమ్మదిగా.

అతను పుస్తకం మూసేశాడు.

"ఒక్కటి చింపితే మిగతావన్నీ అబద్ధాలవుతాయి. కేసు పోతే పోనివ్వండి."

అతను ఆమెను కొత్తగా చూశాడు. కోర్టులో ఇన్ని ప్రమాణాలు విన్నాడు, ఇలాంటి మాట వినలేదు. తిన్నగా మేడమ్ దగ్గరికి వెళ్లాడు.

"ఈ కేసు మీరే చూసుకోండి మేడమ్. నేనిక ఇందులో ఉండకూడదు."

"ఎందుకుట?"

"అరవై మూడో పేజీ చదవండి."

మేడమ్ చదివి, కళ్లజోడు పైనుంచి చూసింది. "టీ మరక వదిలిందా?"

మూడు వారాల తర్వాత విచారణ. భయపడినంతా జరిగింది. ఆసుపత్రి లాయరు ఆ పేజీనే ఎత్తి చదివాడు. వెనక బెంచీలో కుర్ర లాయరు చెవులు కాలిపోతున్నాయి.

"గంటసేపు నవ్విన మనిషికి బాధెక్కడిది సార్?" అన్నాడు ఆసుపత్రి లాయరు.

మేడమ్ లేచింది. "పేజీ తిప్పండి."

ఆసుపత్రి లాయరు తిప్పి చదివాడు. ఈసారి గొంతు తగ్గింది.

"ఆయన వెళ్లాక, ఇంత సంతోషాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. ఈల వేయబోయాను. గాలే వచ్చింది. నాన్న గోడ పట్టుకునే వచ్చారు."

జడ్జి పుస్తకం అడిగి తీసుకుని, ఆ రెండు పేజీలూ తానే చదివాడు. "దాచుకోగలిగిన పేజీని దాచుకోలేదు. అందుకే మిగతా పేజీలన్నీ నమ్ముతున్నాను," అని ఆసుపత్రి పరిహారం ఇవ్వాల్సిందేనన్నాడు.

బయట వరండాలో వాన జల్లు కొడుతోంది. తండ్రి ఆ చివర గోడ పక్కన నిలబడి ఉన్నాడు.

"ఇప్పుడు నేను మీ లాయర్ని కాను," అన్నాడు కుర్ర లాయరు.

"తెలుసు. ఎందుకు మానేశారో మేడమ్ చెప్పారు. మీ నోటితో మీరు చెప్పేదేమైనా ఉందా?"

అతని దగ్గర మూడు వారాలుగా తలుపులేసుకుని నేర్చుకున్నది ఒక్కటే ఉంది. పెదవులు సున్నాలా చుట్టి, ఫోన్‌లో విన్న ఆమె ఈలను అందుకోబోయాడు. పైకి వెళ్లాల్సిన చోట పిల్లిలా కీచుమంది. ఆమె పగలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

వరండా చివర తండ్రి తలెత్తాడు. గోడ మీంచి చేయి తీసేశాడు. ఆ శబ్దం వైపే అడుగులో అడుగు వేసుకుంటూ, తిన్నగా వాళ్ల దగ్గరికి వచ్చేశాడు.

"నీ ఈల ఘోరంగా ఉంది బాబూ. కానీ ఎటు రావాలో తెలిసింది."

"ఇతనికి నేర్పాలంటే చాలా ఏళ్లు పడుతుంది నాన్నా," అందామె.

"పట్టనీ తల్లీ," అన్నాడు తండ్రి.