గీతల మధ్య ఆవిడ

సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో ఇత్తడి సామాన్ల కొట్టు పక్క సందులోకి తిరిగితే, మేడ మీద ఒక గది ఉంది. ఆ గదికి మంచి పేరు లేదు. ఒకప్పుడు అది పెళ్ళి వీడియోలు తీసే స్టూడియో. అది మూతబడ్డాక ఒక దర్జీ వచ్చాడు, వెళ్ళిపోయాడు. జిరాక్సు మిషను పెట్టినాయన వచ్చాడు, ఆయనా వెళ్ళిపోయాడు. ఎందుకు పోయారయ్యా అంటే ఇద్దరిదీ ఒకటే మాట — దీపాలు పెట్టే వేళ దాటితే పైన ఎవరో ఆడమనిషి తిరుగుతోందని.

నేను దెయ్యాల్ని నమ్మను. నమ్మనని నలుగురిలో గట్టిగా చెప్తాను కూడా. కానీ ఆ మెట్లు ఒక్కదాన్నే ఎక్కమంటే మాత్రం నాకు వెంటనే మోకాలి నొప్పి వచ్చేస్తుంది. ఇప్పుడు చెప్పబోయేది నేను చూసింది కాదు. నా స్నేహితురాలు వసుధకి జరిగింది, వసుధే నాకు చెప్పింది. ఆమెకి అబద్ధం ఆడడం రాదు. ఎప్పుడైనా ఆడబోయినా ముఖం చూస్తే తెలిసిపోతుంది.

వసుధది సికింద్రాబాదే. పగలంతా ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది. సాయంత్రం నుంచి తనకి నచ్చిన పని — పాత వీడియో టేపుల్ని కంప్యూటర్లోకి ఎక్కించి, బాగుచేసి ఇవ్వడం. వాళ్ళమ్మ పోయాక ఇంట్లో ఒక్కతే. ఖాళీ ఇంటికి తొందరగా పోబుద్ధికాక, ఎవరూ అడగని ఆ గదిని అద్దెకి తీసుకుంది.

మెట్ల పక్కన పూలమ్మే లచ్చమ్మ మొదటిరోజే హెచ్చరించింది.

"బిడ్డా, జెర పైలం. చీకటి పడ్డంక పైన ఉండకు. ఆడమనిషి తిరుగుతదంట."

"నేను సుత ఆడమనిషినే గద లచ్చమ్మా. ఇద్దరం తోడుంటం" అంది వసుధ నవ్వుతూ.

అలా నవ్వాక చాలాకాలమే గడిచింది. గదిలో ఎవరూ కనబడలేదు, వినబడలేదు. నిజం చెప్పాలంటే వసుధ కాస్త నిరాశపడ్డట్టే ఉంది.

ఒక వానాకాలం సాయంత్రం ఒకమ్మాయి మెట్లెక్కి వచ్చింది. చేతిలో గుడ్డసంచి, సంచిలో పాత టేపులు. పేరు ఇంద్రజ. మారేడ్‌పల్లిలో ఉంటుంది, ముప్పై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి.

"టేపు మీద ఈ అడ్రసు ఉందండీ. స్టూడియో ఇంకా ఉందేమోనని వచ్చాను."

స్టూడియో లేదని వసుధ చెప్పింది. టేపులు మాత్రం తాను చూసి పెడతానంది. ఇంద్రజ కూర్చుని, తడిసిన చున్నీ పిండుకుంటూ, వచ్చిన పని చెప్పింది.

ఇంద్రజ నెలల పిల్లగా ఉన్నప్పుడే వాళ్ళమ్మ కుసుమకుమారి జ్వరమొచ్చి పోయింది. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు, ఆవిడ మాటా ఎత్తలేదు. ఆయన కూడా కిందటేడు పోయాడు. ఇంట్లో అమ్మ ఫోటో ఒక్కటే ఉంది. మేనత్తని అడిగితే, మీ అమ్మ చాలా మంచిదమ్మా అంటుంది. పోయినవాళ్ళందరినీ మనం అనే మాటే అది. ఆవిడ గబగబా నడిచేదా, మెల్లగా నడిచేదా, నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేదా... అవి ఎవరూ చెప్పలేదు.

"ఈ టేపుల్లో ఎక్కడైనా, ఏ మూలైనా, మా అమ్మ ఉందేమో చూస్తారా? ఒక్కసారి కదిలితే చాలండీ. ఆవిడ కదలడం నేను ఎప్పుడూ చూడలేదు."

ఫోటో కూడా ఇచ్చి వెళ్ళింది. వసుధ దాన్ని కంప్యూటర్ తెర అంచుకి అతికించి పెట్టుకుంది. ఆ పని మీద ఆమెకి మామూలుగా ఉండే శ్రద్ధ కాదు ఈసారి. ఊళ్ళో ఎంతమంది అమ్మల్నో తెర మీద నడిపించి ఇచ్చింది గానీ, తన అమ్మది ఒక్క టేపు కూడా లేదు. వాళ్ళింట్లో వీడియో తీసే స్తోమత ఎప్పుడూ లేకపోయింది.

ఇక్కడ ఆ పనేమిటో కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. పాత వీడియోలో ఒక్కొక్క బొమ్మా రెండు విడతల్లో పడుతుంది. ముందు ఒకటి విడిచి ఒకటిగా సగం గీతలు, వెంటనే వాటి మధ్య ఖాళీల్లో మిగతా సగం. పాత టీవీలు ఆ రెంటినీ కలిపి మన కంటికి ఒకటే బొమ్మ అనిపించేవి. కంప్యూటరుకి ఆ నేర్పు లేదు, రెంటినీ ఒకేసారి పరిచేస్తుంది. మనిషి చెయ్యి కాస్త కదిలినా అంచు దువ్వెన పళ్ళలా చీలిపోయి కనిపిస్తుంది. అందుకని వసుధ ఏం చేస్తుందంటే — ఒక సగం గీతలు ఉంచి, రెండో సగం పారేసి, ఖాళీలు పూడ్చమని సాఫ్ట్‌వేర్‌కి చెప్తుంది. అప్పుడు బొమ్మ నున్నగా వస్తుంది. తర్వాత గీతలున్న అసలు ఫైలు చెరిపేస్తుంది, చోటు చాలదు కదా.

టేపులన్నీ చూసింది. కుసుమకుమారి ఎక్కడా లేదు. చివరికి మేనత్త పెళ్ళి టేపు మిగిలింది. అది చూడక్కర్లేదని ఇంద్రజే చెప్పింది — ఆ పెళ్ళి అమ్మ పోయాక జరిగిందట. ఇంట్లో చావు జరిగితే ఏడాది తిరక్కుండా శుభకార్యం చెయ్యాలని పెద్దలు తొందరపెట్టి చేశారట. అయినా తెచ్చింది కదా అని వసుధ దాన్నీ ఎక్కించింది. బూజు పట్టిన టేపు, ఒకసారి తిరగడమే గొప్ప.

ఆ రాత్రి బజారంతా షట్టర్లు దించేశారు. బయట వాన. వసుధ ఒక్కతే కూర్చుని పెళ్ళి చూస్తోంది. మేళం మోగుతోంది... అక్షింతలు పడుతున్నాయి... ఉన్నట్టుండి తెర నిండా గీతలు లేచాయి. మామూలుగా వచ్చే గీతలు కాదు. బొమ్మంతా నిలువునా వణికిపోతోంది.

బొమ్మని ఆపింది.

గీతల మధ్య ఎవరో ఉన్నారు.

ఆకుపచ్చ చీర కట్టుకున్న ఆడమనిషి. సగమే ఉంది — ఒక గీతలో ఉంది, పక్క గీతలో లేదు. ఆవిడ లోంచి వెనకున్న పెళ్ళిపెద్దలు కనబడుతున్నారు.

వసుధ గీతలు తీసే మీట నొక్కింది. ఆవిడ పోయింది. శుభ్రమైన పెళ్ళి, అందరూ నవ్వుతున్నారు.

మీట తీసేసింది... ఆవిడ వచ్చింది.

మళ్ళీ తీసింది, మళ్ళీ పెట్టింది. గీతలుంటే ఉంటోంది, గీతలు పోతే పోతోంది. వసుధ బొమ్మని ముందుకి నడిపించింది. ఆవిడ కూడా నడిచింది. జనం ఆవిడ మీద నుంచే అటూ ఇటూ తిరుగుతున్నారు, ఒక్కరూ తప్పుకోవడం లేదు. ఆవిడ తిన్నగా పెళ్ళికూతురు దగ్గరికి వచ్చింది. వంగింది. పెళ్ళికూతురి చెవి దగ్గర నోరు పెట్టి... ఏదో చెప్పింది. పెళ్ళికూతురు తనపాటికి తాను నవ్వుతూనే ఉంది.

వసుధ కళ్ళు తెర అంచున ఉన్న ఫోటో మీద పడ్డాయి. అదే ముఖం.

కంప్యూటరు ఆపలేదు, లైటు ఆర్పలేదు. మెట్ల మీద ఎలా దిగిందో కూడా గుర్తులేదట. కింద లచ్చమ్మ మిగిలిన పూలు తడిగుడ్డలో చుడుతోంది.

"ఏమైంది బిడ్డా?" గుసగుసగా అడిగింది. "కనబడ్డదా?"

వసుధ ఆగకుండా వెళ్ళిపోయింది. ఇంటికెళ్ళి దీపాలన్నీ వేసుకుని మంచం మీద కూర్చుంది. ఎవరికైనా ఫోన్ చేద్దామని తీసింది గానీ, ఆ వేళప్పుడు చెయ్యదగ్గ పేరు ఒక్కటీ కనబడలేదట. నా పేరు కూడా. ఆ మాట విన్నప్పుడు నాకు చాలా బాధేసింది.

మర్నాడు గది ఖాళీ చేస్తానని ఇంటి ఓనరు అమ్మిరాజుగారికి ఫోన్ చేసింది. ఆ స్టూడియో నడిపింది ఆయనే. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి, ఇప్పుడు బాగా పెద్దవాడు.

"ఏమ్మా, మీకూ కనబడిందా?" అన్నాడాయన విసుగ్గా.

"గదిల కాదండీ. టేపుల."

జరిగిందంతా చెప్పింది. ఆ పెళ్ళి ఎవరిదో ఆయన అడిగి తెలుసుకున్నాడు.

"ఆ పెళ్ళి తీసింది నేనేనమ్మా," అన్నాడు చివరికి. "టేపు మాత్రం నీ దగ్గరికొచ్చిన ఆ పిల్ల నాన్నగారు తెచ్చిచ్చారు. ఇదివరకు నేను తీసిచ్చిందే. దీని మీదే తియ్యండి, ఇది ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టట్లేదండీ అన్నారు."

"ఏముండె అందుల?"

"పాప బారసాల."

అమ్మిరాజుగారు ఆగకుండా చెప్పుకుపోయాడు.

"పాతది చెరిపే హెడ్డు నా కెమెరాలో పాడైపోయిందమ్మా అప్పట్లో. కొత్త బొమ్మ పడితే పాతది ఎలాగూ కప్పబడిపోతుందిలే అని అలాగే వాడేసేవాణ్ణి. బొమ్మ రాసే హెడ్లు రెండు కదా, చెరో సగం గీతలు రాస్తాయి. ఆ అక్షింతల పసుపో, పందిట్లో దుమ్మో... ఒక హెడ్డు కాసేపు పూడుకుపోయి ఉంటుంది. అది రాయని గీతల్లో పాతది అలాగే మిగిలిపోయింది. పాపం, ఆయన చెరిగిపోయిందనే అనుకుని ఉంటాడు."

"మరి గదిల తిరిగే ఆమె ఎవరండీ?"

"అది నాకు తెలియదమ్మా. నా హయాంలో ఎవరూ లేరు" అని పెట్టేశాడు.

వసుధకి భయం పోయి కంగారు మొదలైంది. గీతలు తీసేసిన ఫైలు రాత్రి నుంచి గదిలో తయారవుతూనే ఉంది. అది పూర్తవగానే అసలుది దానంతటదే చెరిగిపోయేలా ఎప్పట్లాగే పెట్టి ఉంది! డాక్టరుగారికి ఏదో వంక చెప్పి ఆటో ఎక్కి పరిగెత్తింది. అసలు ఫైలు ఉంది. ఈసారి సాఫ్ట్‌వేర్‌కి తిరగేసి చెప్పింది — ఎప్పుడూ ఉంచే సగం పారెయ్యి, పారేసే సగం ఉంచు.

పెళ్ళి మొత్తం మాయమైంది.

ఒక మామూలు గది. గోడకి మామిడాకులు. మధ్యలో ఉయ్యాల. పెళ్ళికూతురి ముఖం ఉన్నచోట ఉయ్యాలలో పసిపిల్ల. ఆకుపచ్చ చీరలో కుసుమకుమారి గబగబా నడుచుకుంటూ వచ్చింది, చీర కుచ్చిళ్ళు కాలికి తట్టుకుంటే నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఉయ్యాల మీదికి వంగి, పిల్ల చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టి, పెదాలు కదిపింది. ఒకసారి... రెండుసార్లు... మూడుసార్లు. తల వంచే ఉంది. అక్కడితో బొమ్మ తెగి, మళ్ళీ పెళ్ళి వచ్చేసింది.

వసుధ ఆ ముక్కని మళ్ళీ మళ్ళీ చూసింది. బాగా ఏడ్చానని దాపరికం లేకుండా నాతో చెప్పింది.

సాయంత్రం ఇంద్రజని రమ్మంది. మెట్లెక్కి వచ్చిన పిల్ల వసుధ ముఖం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"దొరికిందా?" అంది మెల్లగా.

"మీరు జెర కూర్చోండి. పరేషాన్ గాకండి." వసుధ టేపు సంగతంతా చెప్పింది. "మీ నాన్న అది చెరిగిపోయిందనుకున్నరు. కానీ సగం ఉంది. చప్పుడు మాత్రం లేదు, మాటల మీద మేళం పడ్డది. ఆ రోజు మీ బారసాల."

సౌండ్ పూర్తిగా తీసేసి వీడియో వేసింది. గదిలో ఏ అలికిడీ లేదు. తెర మీద కుసుమకుమారి నడిచి వచ్చింది. ఇంద్రజ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, రెప్ప వెయ్యకుండా చూస్తోంది. "ఎంత ఫాస్ట్‌గా నడుస్తోందో" అని ఒక్కసారి గొణిగింది. అంతే.

ఆవిడ ఉయ్యాల మీదికి వంగింది. పెదాలు కదిలాయి.

బారసాలనాడు తల్లి పిల్ల చెవిలో ఏం చెప్తుందో ఎవరూ నేర్పక్కర్లేదు. పెట్టిన పేరు మూడుసార్లు పిలుస్తుంది.

రెండోసారి కదిలాయి.

మూడోసారి కదిలినప్పుడు ఇంద్రజ పలికింది.

"ఆఁ... అమ్మా."

పక్క గదిలోంచి పిలిస్తే పలికినట్టు, మామూలుగా, కాస్త గట్టిగానే పలికింది.

తెర మీద ఆవిడ తలెత్తింది. తిన్నగా ఇటువైపు చూసింది. ముఖమంతా వెలిగిపోయేలా నవ్వింది. అప్పుడు బొమ్మ తెగిపోయింది.

ఇంద్రజ చాలాసేపు ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, ఫైలు తీసుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ వసుధని గట్టిగా కౌగిలించుకుందట.

ఇక్కడ నేను అడ్డుపడ్డాను.

"ఆగు వసుధా. తల వంచి ఉండగానే ఆ ముక్క అయిపోయిందన్నావు కదా?"

"అవ్."

"మరి ఇప్పుడు తలెత్తిందంటావేంటి?"

వసుధ టీ గ్లాసు కింద పెట్టింది. "ఎన్నిసార్లు జూసిన్నో లెక్కలేదు. ఎన్నడు ఎత్తలే. ఇంద్రజ పలికినంక ఎత్తింది."

"నీ దగ్గర ఫైలు ఉందా?"

"ఉంది."

"మళ్ళీ వేసి చూడలేదా?"

వసుధ గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"చూడలే," అంది. "నేనొక్కదాన్నే పెట్టుకుంటే తలెత్తకపోవచ్చు గద. ఆమె పిలిచింది నన్ను కాదు."