నడిస్తేనే తిరిగే గడియారం

మిట్టమధ్యాహ్నం! అయినా కారుమేఘాలు కమ్మి గదిలో కటికచీకటి... ఉరుము ఉరిమినప్పుడల్లా కిటికీ అద్దాలు గజగజలాడుతున్నాయి. చూరు కింద పట్టపగలే గుడ్లగూబ కూసింది!

ఆ చీకట్లో అక్క నడుస్తోంది. ఈ గోడ నుంచి ఆ గోడకు... ఆ గోడ నుంచి ఈ గోడకు... పాదాలు పగిలి నెత్తురోడుతున్నాయి. మెడలో పాతకాలపు ఫ్రెంచి బంగారు జేబుగడియారం వేలాడుతోంది. దానికి కీ ఇవ్వనక్కర్లేదు. మనిషి నడిస్తే లోపలి బరువుబిళ్ళ ఊగి స్ప్రింగును చుడుతుంది. ఏ మహామేధావి కనిపెట్టాడో ఆ అద్భుతాన్ని! దానికే, అక్కాతమ్ముళ్ళను ఆ గదిలో బంధించిన మాంత్రికుడు తన ప్రాణాన్ని ముడివేశాడు. అది తిరిగినంతకాలం అతనికి చావు లేదు. మెడలో వేసుకున్నవాళ్ళకు మాత్రం కుప్పకూలేదాకా కాళ్ళు ఆగవు, కునుకు లేదు. ఇంతకుముందు నడిచి నడిచి చచ్చిన స్త్రీ కపాలం గది నడుమ నెత్తుటితో గీసిన వలయంలో ఉంది.

గడియారాలు బాగుచేసే తమ్ముడు అవిటికాలు చాపుకుని మూలన కూలబడ్డాడు. అక్క మెడలోని గొలుసు లాగబోయిన ప్రతిసారీ చేతులు కాలాయి. ఏడ్చే ఓపిక కూడా అయిపోయింది.

"ఇక నా వల్ల కాదురా..." అంటూ అక్క కుప్పకూలింది.

టిక్ టిక్ మందగించింది! మాంత్రికుడి ముఖం పాలిపోయింది. గొలుసు ఊడదీసి గడియారాన్ని తమ్ముడి ఒళ్ళో పడేశాడు.

"బాగుచెయ్యరా! లేదంటే మీ అక్క ఊపిరి తీస్తాను!"

తమ్ముడు మూత తెరిచి చూశాడు. "లోపమేం లేదు స్వామీ. అక్క అలిసిపోయి కాళ్ళీడ్చింది, బిళ్ళకి ఊపందలేదు. ఎవరో ఒకరు గట్టిగా నడవాలి."

"అయితే నువ్వే నడువు!"

"ఈ కాలుతోనా? మా పనిలో అయితే జేబులో వేసుకుని నాలుగడుగులు నడిచి చూస్తాం. ఆ నాలుగడుగులూ మీరే వెయ్యండి. ఇంకాసేపుంటే ఆగిపోతుంది."

'నా మంత్రం నన్నేం చేస్తుంది!' అనుకుని మాంత్రికుడు గొలుసు మెడలో వేసుకుని నడిచాడు. టిక్ టిక్ జోరందుకుంది! వికటాట్టహాసం చేశాడు... ఆగబోయాడు...

కాళ్ళు ఆగలేదు!

గొలుసు పీకబోతే అది మెడకు బిగుసుకుంది. కపాలం కనుగుంటల్లో నీలిజ్వాల భగ్గుమంది!

"నేనూ ఇలాగే అలిసిపోయాను... నడువు!"

మంత్రాలు గొంతులోనే చచ్చాయి. నడిచాడు... పరుగెత్తాడు... గోడలకు గుద్దుకున్నాడు... చావూ రాదు, నడకా ఆగదు!

"ఆపు తల్లీ! చచ్చిపోనీ!" అని మాంత్రికుడు కాళ్ళావేళ్ళా పడి వేడుకోవాలనుకున్నాడు. వంగడానికి కూడా కాళ్ళు ఒప్పుకోలేదు.

కపాలం ఎంతోసేపటికి జాలిపడింది. నీలిజ్వాల ఆరింది. గొలుసు పుటుక్కున తెగింది. గడియారం నేలమీద పడి ఆగింది. మాంత్రికుడు నిలుచున్నచోటే బూడిదై రాలిపోయాడు.

బయట వాన మొదలైంది. తమ్ముడు డేక్కుంటూ వెళ్ళి అక్క తల కింద తన చొక్కా మడతపెట్టాడు. చనిపోయిందేమోనని ముక్కు దగ్గర వేలు పెట్టాడు.

అక్క గుర్రుపెట్టి నిద్రపోతోంది. ఆ గురక వినగానే అతనికి ఏడుపు వచ్చింది.